పాఠము ఇంట, అభ్యాసము బడిలో

(పట్టణ పఠనమందిరమున సాయంకాల సభలో జరిగిన యుపన్యాసము)



ఈ పఠనమందిరమున సాధారణముగా పన్నులను గూర్చియు, శాసనములను గూర్చియు, ధరవరలను గూర్చియు ఉపన్యాసములు జరుగుచుండును. ఈ సాయంకాలము మేము బడిపిల్లల ఇంటిపనిని గూర్చి మాటలాడ బూనితిమి. ఇది ఉపాధ్యాయులు తమలో తాము తేల్చుకొనదగిన విషయమే గాని పదిమంది పౌరులు కూడిన సభలో ప్రస్తావింపదగినది కాదని కొందఱికి తోచవచ్చును. మా యభిప్రాయము వేఱు. బిడ్డ బడిలో గడపు కాలమునకు మనము పన్నుల రూపమునను, జీతముల రూపమునను మూల్యము చెల్లించుచున్నాము. ఆ కాలము దేనికి వినియోగపడుచున్నదో విచారించు హక్కును, విచారింపవలసిన బాధ్యతయు మనకు కలవు.

ఇటీవల విద్యావేత్తల నోట నొక పద్ధతి పేరు తఱచుగా వినవచ్చుచున్నది. ఇంగ్లీషున దానిని ఫ్లిప్డ్ క్లాస్‌రూము అందురు. తిరగవేసిన తరగతి యని మనము చెప్పుకొనవచ్చును. దాని సారము కొలది మాటలలో చెప్పవచ్చును. ఇప్పుడు పాఠము వినుట బడిలోను, లెక్కలు చేయుట, ప్రశ్నలకు జవాబులు వ్రాయుట ఇంటిలోను జరుగుచున్నవి. ఈ పద్ధతిలో ఈ రెండును చోట్లు మార్చుకొనును. విద్యార్థి పాఠమును ముందుగా పుస్తకమున చదువుకొనియో, ఉపాధ్యాయుడు చెప్పి పట్టియుంచిన వీడియోను చూచియో బడికి వచ్చును. బడిలో ఉపాధ్యాయుని యెదుట లెక్కలు చేయును, ప్రశ్నలు వేయును, తోటివారితో చర్చించును, తప్పులు దిద్దుకొనును.

ఇందులో వింత యేమున్నదని అడుగవచ్చును. అది తెలియవలెనన్న ఇప్పుడు జరుగుచున్న దానిని కొంచెము నిదానించి చూడవలెను. ఒక పీరియడులో హాజరుపట్టీ పిలుచుటకు కొంత కాలము, నల్లబల్లపై వ్రాయుటకు కొంత, వ్రాసినదానిని పిల్లలు ఎత్తి వ్రాసికొనుటకు కొంత పోవును. మిగిలిన కాలమంతయు ఒకరు చెప్పుట, నలువదిమంది వినుట. "అర్థమైనదా?" యని ఉపాధ్యాయుడు అడుగును. "అయినదండీ" యని తరగతి యంతయు ఏకకంఠముగా పలుకును. గంట మ్రోగును. అర్థమైనదో కాలేదో తెలిసెడి పని, అనగా విన్నదానిని స్వయముగా ప్రయోగించి చూచుకొనెడి పని, సంచిలో పడి ఇంటికి పోవును. వినుట సుళువు; ప్రయోగించుట కష్టము. సుళువైన పనికి ఉపాధ్యాయుడు ప్రక్కన నున్నాడు. కష్టమైన పనికి ఎవ్వరును లేరు.

ఎవ్వరును లేరను మాట అందఱి విషయమునను నిజము కాదు. మన వంటివారి ఇండ్లలో తండ్రియో, తల్లియో, అక్కయో ఉన్నారు. వారికి తీరిక లేకున్న ట్యూషను మాస్టరు ఉన్నాడు. కూలికిపోయి ప్రొద్దుగూకిన పిదప ఇల్లు చేరు తల్లికి భిన్నముల కూడిక తెలియదు. ఆమె బిడ్డ రాత్రి ఆ లెక్క దగ్గఱనే నిలిచిపోవును. మఱునాడు ఉదయము ప్రక్కవాని పుస్తకము చూచి ఎక్కించుకొనును. ఉపాధ్యాయుడు జవాబు చూచి టిక్కు పెట్టును. ఆ బిడ్డకు భిన్నములు రావని ఎవ్వరికిని తెలియదు. తెలియునప్పటికి పదవతరగతి పరీక్ష వచ్చియుండును. ఇట్లు ఇంటిపని బిడ్డ తెలివిని కొలుచుటకు బదులు బిడ్డ పుట్టిన ఇంటిని కొలుచుచున్నది. ఈ రహస్యము తెలిసిన సంసారులు అప్పుచేసియైనను పిల్లలను ట్యూషనులకు పంపుచున్నారు. పంపలేనివారు తమ బిడ్డకు చదువు అబ్బలేదని నుదుటివ్రాతను నిందించుకొనుచున్నారు.

మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము గనుక మాకు తెలిసిన దృష్టాంతమునే చెప్పెదము. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము వాది దావాను, ప్రతివాది జవాబుదావాను విచారణకు పూర్వమే దాఖలు చేయవలెను. ఉభయులును ఒప్పుకొన్న సంగతులు అచ్చటితో తేలిపోవును. ఎచ్చట భేదము కలదో ఆ యంశములను మాత్రమే న్యాయాధిపతి వివాదాంశములుగా నేర్పఱచును. సాక్ష్యమును వాదమును వానిపైననే నడచును. కట్టలోని కాగితములన్నింటిని మొదటినుండి చదివి వినిపించుటకే కాలమంతయు వెచ్చించి, వాదమును మీ మీ ఇండ్లకు పోయి చేసికొండని కక్షిదారులను పంపివేయు న్యాయస్థానమును గూర్చి ప్రజలు ఏమనుకొందురు? మన తరగతి గదులు చాలవఱకు నేడు చేయుచున్నది ఇదియే. తిరగవేసిన తరగతిలో ఉపాధ్యాయుడు చేయు మొదటి పని వివాదాంశములను ఏర్పఱచుట. అనగా, పాఠములో పిల్లలు తమంతట గ్రహించినది ఎంత, చిక్కుపడినది ఎచ్చట అని కనుగొనుట. బోధన యంతయు ఆ చిక్కుపైననే నడచును.

ఈ పద్ధతికి పేరు క్రొత్తది గాని ప్రాణము పాతది. అమెరికా దేశమున వెస్టుపాయింటు సైనిక విద్యాలయమునకు 1817 మొదలు 1833 వఱకు అధికారిగా నుండిన సిల్వేనస్ థేయరు అనునాయన ఒక నియమము పెట్టెను. విద్యార్థులు పాఠమును ముందురాత్రి స్వయముగా చదువుకొని రావలెను. తరగతిలో చిన్నచిన్న జట్లుగా నల్లబల్లల యెదుట నిలిచి చేసి చూపవలెను. 1870లో హార్వర్డు న్యాయకళాశాలకు ప్రధానుడుగా వచ్చిన లాంగ్డెల్ అను పండితుడు తీర్పులను ముందుగా చదివించి, తరగతిలో ప్రశ్నోత్తరములతో ధర్మశాస్త్రమును నేర్పు పద్ధతిని ప్రవేశపెట్టెను. నేటికిని న్యాయవిద్యలో ఆ పద్ధతికి గౌరవము తగ్గలేదు.

మొన్నటి తరములో దీనికి మఱల ఊపిరిపోసినవారిలో హార్వర్డు భౌతికశాస్త్రాచార్యుడు ఎరిక్ మజూరు ముఖ్యుడు. ఆయన విద్యార్థులు కఠినమైన లెక్కలను సూత్రములు పెట్టి చేసివైచుచుండిరి గాని, బలమును గూర్చియు చలనమును గూర్చియు మాటలతో నొక చిన్న ప్రశ్న వేసినచో తడబడుచుండిరి. అంతట ఆయన 1990 తరువాతి సంవత్సరములలో ఉపన్యాసమును తగ్గించి వేఱొక మార్గము పట్టెను. విద్యార్థులు ముందుగా చదివి వత్తురు. ఆయన ఒక ప్రశ్న వేయును. ప్రతివాడును తన జవాబును తెలుపవలెను. పిదప ప్రక్కవానితో వాదించి, వానిని ఒప్పించుటయో తాను ఒప్పుకొనుటయో చేయవలెను. మఱల జవాబు చెప్పవలెను. ఈ విధానమును వివరించుచు 1997లో ఆయన గ్రంథము ప్రకటించెను. 2000 సంవత్సరమున ఓహాయో రాష్ట్రములోని మయామీ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించిన లేజ్, ప్లాట్, ట్రెగ్లియా అను మువ్వురు ఇట్టి తరగతిని గూర్చి వ్యాసము వ్రాసిరి.

అయినను, ఇది కళాశాలలు దాటి బడులకు ప్రాకినది 2007 తరువాత. కొలరాడో రాష్ట్రమున వుడ్‌లాండ్‌పార్కు అను కొండయూరిలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అను ఇరువురు రసాయనశాస్త్రోపాధ్యాయులు ఉండిరి. ఆటల పోటీలకని దూరపుటూళ్లకు పోయి పాఠములు తప్పిపోవు పిల్లల కొఱకు వారు తమ పాఠములను పట్టియుంచసాగిరి. బడి తప్పనివారును వానిని చూడసాగిరి. అట్లయిన తరగతిలో మఱల అదే పాఠము చెప్పుట యెందుకను ప్రశ్న వారికే పుట్టినది. 2012లో వారు వ్రాసిన పుస్తకము వలన ఈ పేరు లోకమంతయు వ్యాపించినది. అంతకు ముందే, 2004లో దూరమున నున్న చుట్టాల పిల్లకు లెక్కలు చెప్పుటతో నారంభించిన సల్మాన్ ఖాన్ అను బంగ్లాదేశ సంతతి వాని పాఠములు అంతర్జాలమున లక్షలమంది చూచుచుండిరి.

ఇవన్నియు పరదేశపు మాటలని కొట్టివేయనక్కఱలేదు. మన దేశమునకు ఇందులో భాగమే లేదని చిన్నబుచ్చుకొననక్కఱయు లేదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర పాఠశాలకు అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు, ఈ దేశపు వీథిబడిలో పిల్లలు ఇసుకపై అక్షరములు దిద్దుట చూచి ఆ పద్ధతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పు ఏర్పాటును చేసి, 1797లో లండనున పుస్తకము ప్రకటించెను. అది మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లండున వ్యాపించెను. తోటివాని వలన నేర్చుకొనుట యను మజూరుగారి సూత్రము మన అరుగుబడికి క్రొత్తది కాదు.

ఇంత చెప్పి ఆగినచో అర్ధసత్యము చెప్పినట్లగును. 1823లో బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ తన జిల్లాలోని 533 బడులను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. వానిలో తెలుగు బడులును కన్నడ బడులును మిక్కుటముగా నుండెను. ముందున్న విద్యార్థులు వెనుకనున్నవారికి నేర్పు ఏర్పాటును ఆయన మెచ్చుకొనెను. పిల్లలు పద్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారని ఆ నివేదికయందే తప్పుపట్టెను. ఆ రెండు మాటలును నిజమే. మంచి యేర్పాటు మన చేతినుండి జారిపోయినది. వల్లెవేయుట మాత్రము రెండు వందల యేండ్లు గడచినను మనలను విడువలేదు. గైడుపుస్తకమును కంఠస్థము చేయు నేటి విద్యార్థి కాంబెల్ చూచిన విద్యార్థికి వారసుడు.

ఇక ఈ పద్ధతి వలన ఫలము కలదా యను ప్రశ్న. న్యాయవాదులము గనుక సాక్ష్యము లేనిదే నమ్ముమని చెప్పము. విద్యార్థి చేతులు ముడుచుకొని వినుటకును, తరగతిలో తానే పనిచేసి నేర్చుకొనుటకును గల భేదమును గూర్చి జరిగిన 225 పరిశీలనలను ఫ్రీమన్ ప్రభృతులు 2014లో కూర్చి ప్రకటించిరి. ఇవి విజ్ఞానశాస్త్ర, గణిత, యంత్రశాస్త్రములలో కళాశాల తరగతులకు సంబంధించినవి. ఉపన్యాసము మాత్రమే జరిగిన తరగతులలో నూటికి 34 గురు తప్పిపోగా, విద్యార్థులు పనిచేసిన తరగతులలో నూటికి 22 గురు మాత్రమే తప్పిరి. 2015లో జెన్సెన్ ప్రభృతులు బ్రిగమ్‌యంగ్ విశ్వవిద్యాలయమున ఒక ముఖ్యమైన పరీక్ష చేసిరి. తిరగవేసిన తరగతిని, తిరగవేయకున్నను విద్యార్థులు చుఱుకుగా పాల్గొను తరగతిని సరిపోల్చి చూడగా రెండింటి ఫలములకును చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. దీనివలన తేలునది యేమి? గుణము వీడియోలో లేదు. విద్యార్థి స్వయముగా చేయు పనిలోను, ఆ సమయమున ఉపాధ్యాయుడు దగ్గఱ నుండుటలోను ఉన్నది. బడికాలమును ఆ పనికి ఖాళీ చేయుట మాత్రమే తిరగవేయుట యొక్క ప్రయోజనము.

ఎదిరిపక్షపు సాక్ష్యమును దాచుట ధర్మము కాదు. థేయరు నియమము పుట్టిన ఆ వెస్టుపాయింటుననే, చీట్లు వేసినట్లు తరగతులను విభజించి ఈ పద్ధతిని పరీక్షించిరి. ఆ ఫలితములు 2021లో అచ్చుపడినవి. గణితమున కొలదికాలము లాభము కనబడినది. అర్థశాస్త్రమున ఏమియు కనబడలేదు. గణితములోని లాభము సైతము తుదిపరీక్ష నాటికి సగటున నిలువలేదు. అంతకంటె శోచనీయమైన సంగతి వేఱొకటి కలదు. కలిగిన లాభము మిక్కిలిగా తెల్లవారికిని, మగవారికిని, మొదటినుండి ముందంజలో నున్నవారికిని దక్కినది. ముందున్నవారికిని వెనుకనున్నవారికిని నడుమ ఎడము పెరిగినది. పెరిగిన యెడము తుదివఱకు నిలిచినది.

సోదరులారా! ఈ సంగతి మన గుండెలపై చేయి పెట్టుకొని ఆలోచింపవలసినది. ఎవ్వరి కొఱకు ఈ మార్పు కావలెనని ఇంతసేపు వాదించితిమో, ఆ కూలితల్లి బిడ్డకే దీనివలన కీడు వాటిల్లవచ్చును. ఏలయన ఈ పద్ధతి కష్టమైన పనిని బడికి తెచ్చుట నిజమే గాని, ఇంటిలో ముందుగా చదువుటకు చోటును, వెలుతురును, తీరికను, కొన్నియెడల యంత్రమును కోరుచున్నది. 2017-18లో జాతీయ గణాంక శాఖవారు జరిపిన విచారణలో మన దేశపు గ్రామీణ కుటుంబములలో నూటికి 15, పట్టణ కుటుంబములలో నూటికి 42 మాత్రమే అంతర్జాల సౌకర్యము గలవిగా తేలెను. ఆ పిమ్మట కాలము మాఱినది. 2024 నాటి అసర్ నివేదికలో గ్రామములలోని 14 మొదలు 16 ఏండ్ల పిల్లల ఇండ్లలో నూటికి 89 స్మార్టుఫోను గలవి. ఇది విని సంతోషించుటకు ముందు తక్కిన అంకెలను కూడ వినవలెను. ఆ ఫోనును వాడనేర్చిన పిల్లలలో ముందటి వారమున చదువు కొఱకు వాడినవారు నూటికి 57. కాలక్షేపపు సామాజిక మాధ్యమములకు వాడినవారు నూటికి 76. తమకు సొంత ఫోను కలదని చెప్పినవారు మగపిల్లలలో నూటికి 36, ఆడపిల్లలలో నూటికి 27. ఇంటిలో ఫోను ఉన్నంతమాత్రమున అది ఆడపిల్ల చేతిలో ఉన్నదని తలపరాదు. వంటయింటి పని, తమ్ముని ఎత్తుకొనుట, నీళ్లు మోయుట అయిన పిదపనే ఆమె వంతు వచ్చును.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. 2017లో కేంద్ర ప్రభుత్వము దీక్ష యను పాఠభాండారమును తెఱచెను. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సర్కారు బడులలోని 8వ తరగతి పిల్లలకు పాఠములు నింపిన టాబ్లెట్లను పంచెను. ఇవి పరికరములు. నాగలి కొనియిచ్చినంతనే చేను దున్నినట్లు కాదు. ఇంటిలో చూచి వచ్చిన పాఠమును బడిలో ఉపాధ్యాయుడు మఱల మొదటినుండి చెప్పినచో, చూచిన పిల్లవాడు తాను చూచుట దండుగ యని తలచి మఱునాడు మానివేయును. బడిలోని పని మాఱనిదే ఇంటిలోని యంత్రము ఎంత వెల పెట్టి కొన్నదైనను నిరుపయోగమే.

అచ్చుపుస్తకమును మనము తక్కువగా చూడరాదు. థేయరునకు గాని లాంగ్డెల్‌కు గాని వీడియోలు లేవు. ఒక పుటపై తెలుగును ఎదుటి పుటపై ఇంగ్లీషును ముద్రించిన పాఠ్యపుస్తకములు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రములలోను సర్కారు బడిపిల్లల చేతికి వచ్చినవి. ఇంగ్లీషు వాక్యమువద్ద ఆగిపోయిన పిల్లవాడు తెలుగు పుట చూచి ముందుకు సాగవచ్చును. ఒంటరిగా చదువుకొను పిల్లవానికి ఇంతకంటె మేలైన ప్రారంభము లేదు. రాత్రికి రెండు పుటలు, వానిపై మూడు చిన్న ప్రశ్నలు; నాలుగవది, "నీకు తెలియనిది ఏమి?" అను ప్రశ్న. ఈపాటి చీటీ చాలును. ఆ నాలుగవ ప్రశ్నకు వచ్చిన జవాబులే మఱునాటి పాఠము.

ఉపాధ్యాయ మిత్రులు మూడు ఆక్షేపణలు చెప్పుచుందురు. అవి తోసిపుచ్చదగినవి కావు. మొదటిది, పిల్లలు చదివి రారని. నిజమే, మొదట రారు. రానివానిని గోడకు నిలువబెట్టినంత మాత్రమున మఱునాడు చదివి రాడు. తరగతి ఆరంభమున పది నిమిషములు మౌనముగా చదువుటకు విడిచినచో రానివాడును అందుకొనును. బడి చివరి పీరియడును మఱునాటి పాఠము చదువుకొనుటకే విడువగలిగినచో ఇంటి యవసరమే చాలవఱకు తీరిపోవును. పేద యిండ్ల పిల్లలకు మేము కోరునది ఈ మార్గమే. పాఠము ఇంట అను మాటకు ఇల్లే కావలెనని యర్థము చెప్పుకొననక్కఱలేదు. ఉపాధ్యాయుడు ప్రక్కన లేకపోయినను నష్టము లేని వేళ అని యర్థము చెప్పుకొనవలెను.

రెండవ ఆక్షేపణ, సిలబసు పూర్తికాదని. పూర్తియగుట యనగా ఏమి? ఉపాధ్యాయుడు చెప్పి ముగించుటయా, పిల్లలు నేర్చి ముగించుటయా? మొదటిదే యైనచో చెప్పవలసిన దేమియు లేదు. రెండవదే యైనచో, నేడు ఎన్ని తరగతులలో సిలబసు పూర్తియగుచున్నదో ఎవరికి వారు అంతరాత్మను ప్రశ్నించుకొనవలెను. అయినను, పాఠములన్నింటిని ఒక్కసారిగా తిరగవేయుమని మేము చెప్పము. వారమున కొక్క పాఠము. అదియు లెక్కలలోనో విజ్ఞానమునందో ఆరంభింపవచ్చును.

మూడవ ఆక్షేపణ, ఒక్క ఉపాధ్యాయుడే రెండు మూడు తరగతులకు చెప్పవలసిన బడులలో ఇది సాగదని. మాకు తోచినంతవఱకు అచ్చటనే ఇది ఎక్కువ అక్కఱకు వచ్చును. నేడు అట్టి బడిలో ఒక తరగతికి పాఠము చెప్పునప్పుడు తక్కిన తరగతి పలకపై ఏదో గీయుచు కూర్చుండును. ఆ తరగతి మఱునాటి పాఠమును ప్రశ్నల చీటీతో చదువుకొనుచుండగా, ఉపాధ్యాయుడు ముందే చదివియున్న తరగతితో కూర్చుండి చిక్కులు విప్పవచ్చును. పిదప తరగతులు మారవచ్చును. పైతరగతి పిల్ల క్రిందితరగతి పిల్లకు చదివి వినిపింపవచ్చును. ఇందులో నూటముప్పది కోట్ల రూపాయల పథకమేమియు లేదు. ఒక కాలపట్టికయు, కొన్ని చీటీలును చాలును.

తల్లిదండ్రుల విషయమున నొక మాట. పిల్లవాడు ఇంటికి వచ్చి, "మాస్టరుగారు ఈ దినము పాఠము చెప్పలేదు, మాచేతనే చేయించినారు" అని చెప్పినచో, "జీతము తీసికొని పాఠము చెప్పడా?" యని బడిపై దండెత్తవలదని వేడుకొనుచున్నాము. గొంతు ఎండునట్లు చెప్పు ఉపాధ్యాయుడు కష్టపడుచున్నట్లు అందఱకు కనబడును. బల్లల నడుమ తిరుగుచు ఒక్కొక్క పుస్తకముపై వంగి, ఎచ్చట తప్పెనో చూచుచు, జవాబు చెప్పివేయక దారి మాత్రము చూపు ఉపాధ్యాయుడు అంతకు రెట్టింపు కష్టపడుచున్నాడు. అతడు పాఠము ముందుగా సిద్ధపఱచవలెను, చీటీలు చదువవలెను, అనుకొనని ప్రశ్నకు నిలువవలెను. అట్టివానికి మన సానుభూతి కావలెను. కాగితపు పనులనుండి విముక్తి కావలెను. తరగతిలో పిల్లల సంఖ్యకు మితి కావలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రాథమిక తరగతులలో 30 మందికి ఒకరు, ప్రాథమికోన్నత తరగతులలో 35 మందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులు ఉండవలెనని విధించినది. ఆ విధి మన యూరి బడిలో నెఱవేరుచున్నదో లేదో అడుగుట మన పని.

ఇక ఈ మందిరమునకు రావలసిన మాట. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిననాడు మన పెద్దలకు ధనబలము లేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు పెట్టుకొని పల్లెలకు పంపిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేకున్న గ్రంథాలయమే చదువరి వద్దకు పోవలెనని వారి సంకల్పము. 1960 నాటి గ్రంథాలయ శాసనమున ఇంటిపన్నుపై గ్రంథాలయ సుంకము ఏర్పడినది. ఆ సుంకము కూలితల్లి తన రేకుల యింటికి కట్టు పన్నులోను కలదు. సాయంకాలము ఆరు మొదలు ఎనిమిది వఱకు ఈ మందిరములో ఎన్ని కుర్చీలు ఖాళీగా నుండునో ఇచ్చటి సభ్యులకే తెలియును. ఆమె బిడ్డకు ఆ కుర్చీ ఏల ఈయరాదు?

మేము నాలుగు సంగతులు ఈ సభవారి యెదుట పెట్టుచున్నాము. సెలవు దినములు తప్ప ప్రతిదినము సాయంకాలము రెండు గంటలు ఒక గదిని బడిపిల్లల ముందుచదువునకు విడువవలెను. ఆరు మొదలు పదవ తరగతి వఱకు పాఠ్యపుస్తకముల పూర్తిజతలు రెండేసి ఇచ్చట నుంచవలెను. శక్తి కలిగినపుడు పాఠములు చూచుటకు ఒక తెరను ఏర్పఱుపవలెను. అది పదిమంది కలసి చూచునదిగా నుండవలెను. చదువుకొన్న యువకులును యువతులును వారమునకు ఒక్క సాయంకాలము చొప్పున వంతులు వేసికొని రావలెను. వారు ట్యూషను చెప్పుటకు రారు; లెక్కలు చేసిపెట్టుటకును రారు. పిల్లవాడు తనకు తెలియనిదానిని చీటీపై స్పష్టముగా వ్రాసికొని బడికి పోవునట్లు చూచుటయే వారి పని. నాలుగవది అన్నింటికంటె ముఖ్యము. ఆడపిల్లలు చీకటి పడిన పిదప నిర్భయముగా ఇల్లు చేరు ఏర్పాటు లేనిదే ఈ పని ఆరంభింపరాదు. వారు రాలేని చదువుగది మఱల మగపిల్లలకే మేలు చేసి, వెస్టుపాయింటున పెరిగిన యెడమునే ఇచ్చటను పెంచును.

ఈ పద్ధతి నెగ్గినదో లేదో తెలిసికొనుటకు జిల్లాలో మొదటి ర్యాంకు ఎవ్వరికి వచ్చినదని చూడవలదు. మొదటి బల్లపై కూర్చుండు పిల్లవాడు ఏ పద్ధతిలోనైనను నేర్చుకొనును. ఒక సంవత్సరము గడచిన పిదప చివరి బల్లకు పోయి, అచ్చటి బిడ్డను "నీకు తెలియనిది ఏమి?" యని అడుగవలెను. నేడు ఆ బిడ్డ తల వంచుకొని, "అంతా తెలిసినదండీ" యని చెప్పును. "ఈ మెట్టు వఱకు వచ్చినది, ఇచ్చట రెండవ భిన్నమును ఏల తలక్రిందులు చేసిరో తెలియలేదు" అని తలయెత్తి చెప్పగలిగిననాడు మన శ్రమ ఫలించినట్లు. ఏ అధికారి యెదుటనైనను, ఏ కచేరిలోనైనను తన సందేహమును తలయెత్తి చెప్పగల పౌరుడు ఆ బల్లపైననే తయారగును. అట్టి పౌరులు లేని స్వరాజ్యము చదువనివాని చేతి దస్తావేజు వంటిది.

వచ్చే సోమవారము సాయంకాలము ఈ మందిరపు కార్యవర్గము కూడుచున్నది. గది, దీపము, పుస్తకములు, వంతులు అను ఈ నాలుగు మాటలను ఆ నాటి కార్యక్రమములో చేర్పవలసినదిగా అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము.